ల్యాప్‌టాప్ డాక్‌లు, టైప్-సీ హబ్‌లు: ఎక్కడ మొండికేస్తాయి, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక ఆఫీసులో ఐటీ సపోర్టు చూస్తాను. ఇంటి నుంచి పని అలవాటైన దగ్గర్నుంచి ఆఫీసు ఫోన్‌లోనూ, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ నాకు వచ్చే ప్రశ్నల్లో సగం డాక్‌ల గురించే. "ఒక్క వైరు తగిలిస్తే చాలు" అని పెట్టె మీద ఉంటుంది. ఇంటికెళ్లి తగిలించాక మానిటర్ రాదు, లేదా వస్తుంది కానీ మౌస్ ఆగిపోతుంది. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసిపెట్టాను. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడే చదువుకోండి, ముందున్నవి చదవక్కర్లేదు.

## కొనకముందు

హబ్, డాంగిల్, డాక్ అన్నీ ఒకటేనా? షాపులో అన్నిటినీ డాక్ అనే అంటున్నారు.

ఒకటి కావు. డాంగిల్ అంటే ఒక్క పని చేసేది: టైప్-సీని హెచ్‌డీఎంఐగానో, ల్యాన్‌గానో మార్చి ఊరుకుంటుంది. హబ్ అరచేతిలో పట్టేంత ఉంటుంది, చిన్న వైరు దానికే అతికించి ఉంటుంది, కరెంటు ల్యాప్‌టాప్ నుంచే తీసుకుంటుంది. డాక్‌కి సొంత అడాప్టర్ ఉంటుంది, అది టేబుల్ మీదే ఉండిపోతుంది, ల్యాప్‌టాప్‌ని కూడా తనే ఛార్జ్ చేస్తుంది. ఆన్‌లైన్‌లో "12 ఇన్ 1 డాకింగ్ స్టేషన్" అని అమ్ముతున్నవాటిలో చాలావరకు హబ్‌లే. పెట్టెలో అడాప్టర్ ఇస్తున్నారా అని ఒక్క మాట అడగండి, తేడా తెలిసిపోతుంది.

నా ల్యాప్‌టాప్‌కి టైప్-సీ పోర్ట్ ఉంది. ఇక ఏ హబ్ కొన్నా పనిచేస్తుంది కదా?

పనిచేస్తుందని చెప్పలేం. నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

టైప్-సీ అనేది 2014లో వచ్చిన ఒక ఆకారం పేరు, అంతే. ఆ పోర్ట్ గుండా మూడు పనులు జరగవచ్చు: డేటా వెళ్లడం, బొమ్మ వెళ్లడం, ఛార్జింగ్ రావడం. మూడూ ఉండాలన్న నియమం లేదు. తయారీదారు డేటా ఒక్కటే ఇచ్చి మిగతా రెండూ వదిలేయవచ్చు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. అలాంటి పోర్ట్‌కి పదివేల డాక్ తగిలించినా హెచ్‌డీఎంఐలోంచి ఏమీ రాదు.

పోర్ట్ పక్కన గుర్తు చూడండి. మెరుపు గుర్తు ఉంటే సాధారణంగా థండర్‌బోల్ట్ (టైప్-సీ ఆకారంలోనే ఉండే ఎక్కువ వేగపు కనెక్షన్), అంటే చాలావరకు మూడు పనులూ జరుగుతాయి. ఇంగ్లిష్ డీ అక్షరంలో పీ ఇమిడినట్టున్న గుర్తు ఉంటే బొమ్మ వెళ్తుంది. చిన్న ప్లగ్ లేదా బ్యాటరీ బొమ్మ ఉంటే విద్యుత్తుకు సంబంధించింది, కానీ అది కొన్నిచోట్ల ఫోన్‌ని ఛార్జ్ చేయడానికి మాత్రమే పనికొస్తుంది. ఉత్త ఎస్ఎస్ అని ఉంటే డేటాకి మాత్రమే హామీ. ఏ గుర్తూ లేకపోయినా అన్నీ పనిచేసే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి, కాబట్టి గుర్తు లేదని నిరాశపడకండి. మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి, "డిస్‌ప్లేపోర్ట్" (బొమ్మకి), "పవర్ డెలివరీ" (ఛార్జింగ్‌కి) అనే రెండు మాటలు టైప్-సీ వరుసలో ఉన్నాయా అని చూడండి.

మా బావమరిది ఈ రెండు నిమిషాల పని చేయలేదు. హబ్ కొన్నాడు, బొమ్మ రాలేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ రెండుసార్లు మార్చాడు, మానిటర్‌ని షాపుకి మోసుకెళ్లి చూపించాడు. తీరా నన్ను పిలిచేసరికి హబ్ వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. అతని పోర్ట్ డేటాకి మాత్రమే.

యూఎస్‌బీ 3.0, 3.1, 3.2 జెన్ 1, యూఎస్‌బీ4... వీటిలో ఏది మంచిది?

పేర్లు వదిలేసి అంకె చూడండి. 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 మూడూ ఒకటే: సెకనుకి 5 గిగాబిట్లు. పాత సరుకుకే కొత్త పేర్లు పెట్టారు. జెన్ 2 అంటే 10, జెన్ 2x2 అంటే 20. యూఎస్‌బీ4లో 20వీ ఉన్నాయి, 40వీ ఉన్నాయి, 80వీ వచ్చాయి. థండర్‌బోల్ట్ 3, 4 రెండూ 40, థండర్‌బోల్ట్ 5 అయితే 80. పెట్టె మీద ఈ అంకె లేకుండా "సూపర్ ఫాస్ట్" అని మాత్రమే ఉంటే నేనైతే ముట్టుకోను.

డిస్‌ప్లేలింక్ ఉన్న డాక్ తీసుకోమని సలహా ఇస్తున్నారు. దాంట్లో లోపాలేమిటి?

డిస్‌ప్లేలింక్ బొమ్మని వీడియో దారిలో పంపదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ చేత బొమ్మని కుదించి, మామూలు యూఎస్‌బీ డేటాగా పంపుతుంది. డాక్‌లోని చిప్ దాన్ని మళ్లీ విప్పి మానిటర్‌కి ఇస్తుంది. బొమ్మ పంపలేని పోర్ట్‌కి కూడా మానిటర్ తగిలించగలగడం దీనివల్లే. ఆ సౌకర్యానికి మూల్యం ఉంది.

ప్రాసెసర్ మీద బరువు పడుతుంది, పాత ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ గోల మొదలవుతుంది. మెయిల్, ఎక్సెల్, కోడ్ రాసుకోవడం వరకు బాగానే ఉంటుంది. ఆటలకీ, వీడియో ఎడిటింగ్‌కీ పనికిరాదు. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ అనుమతి లేకపోతే అక్కడే ఆగిపోతారు. మ్యాక్‌లో అయితే "స్క్రీన్ రికార్డింగ్"కి అనుమతి అడుగుతుంది. చూసినవాళ్లు ఎవరో గూఢచర్యం చేస్తున్నారని భయపడి నాకు ఫోన్ చేస్తారు. అది ఆ పద్ధతి పనిచేసే తీరు, అంతే. ఇచ్చిన అనుమతి వల్ల ఓటీటీ సినిమాలు నల్ల తెరగా కనిపించే ఇబ్బంది మాత్రం మ్యాక్‌లో నిజంగానే ఉంది. లినక్స్ వాడేవాళ్లు కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

థండర్‌బోల్ట్ డాక్ కొంటే ఈ తలనొప్పులన్నీ పోతాయా?

చాలావరకు పోతాయి, ల్యాప్‌టాప్‌లో కూడా థండర్‌బోల్ట్ ఉంటేనే. థండర్‌బోల్ట్ 4 గుర్తు ఉన్న ల్యాప్‌టాప్ రెండు 4కె మానిటర్లు నడపగలిగి తీరాలి, అది ఆ ప్రమాణంలోని షరతు. కానీ ఉత్త టైప్-సీ ల్యాప్‌టాప్‌కి థండర్‌బోల్ట్ 3 కాలం నాటి మొదటి డాక్‌లు తగిలిస్తే కొన్ని అసలు పలకవు. కేబుల్ కూడా డాక్ ధరకి తగ్గట్టే ఉంటుంది: మామూలు కేబుల్ 80 సెంటీమీటర్లు దాటితే 40 గిగాబిట్ల వేగం నిలవదు, అంతకంటే పొడవు కావాలంటే లోపల చిప్‌లున్న ఖరీదైన కేబుల్ కొనాలి. ఒక్క మానిటర్, ఒక కీబోర్డు, ఒక మౌస్ కోసం ఇంత ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

అమెరికా నుంచి అన్నయ్య డాక్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా?

అడాప్టర్ మీది చిన్న అక్షరాలు ఫొటో తీసి పంపమనండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక్కడా పనిచేస్తుంది. పిన్ను తేడాకి కన్వర్టర్ ప్లగ్ పెట్టకండి, చాలా కన్వర్టర్లలో ఎర్త్ తెగిపోతుంది. అడాప్టర్‌కి వెళ్లే పవర్ కార్డ్ విడిగా ఊడొస్తుంది కాబట్టి అదే కొసతో మన మూడు పిన్నుల కార్డ్ కొని మార్చేయండి. అక్కడ కొన్న దానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కూడా ముందే కనుక్కోమనండి.

## తగిలించిన రోజు

మానిటర్ అసలు రావడం లేదు. ముందు ఏం చూడాలి?

ముందు కేబుల్. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన టైప్-సీ కేబుల్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ, అందులో చాలావాటికి బొమ్మ మోసే తీగలు ఉండనే ఉండవు. డాక్‌తో వచ్చిన కేబులే వాడండి. తర్వాత డాక్ అడాప్టర్‌ని గోడ దగ్గర తీసేసి అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. ఇది నాటువైద్యంలా అనిపిస్తుంది కానీ డాక్‌లోనూ చిన్న కంప్యూటరే ఉంటుంది, అదీ బిగుసుకుపోతుంది. అప్పటికీ రాకపోతే డాక్‌ని పక్కనపెట్టి మానిటర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి కలిపి చూడండి. అలా వస్తే దోషం డాక్‌ది, లేదా టైప్-సీ పోర్ట్‌ది. టైప్-సీని హెచ్‌డీఎంఐగా మార్చే కేబుల్ ఒక దిక్కుకే పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ టైప్-సీకి దాన్ని తిప్పి పెడితే బొమ్మ రాదు.

4కె మానిటర్ కొన్నాను. హబ్ ద్వారా పెడితే మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది.

తెర 30 హెర్ట్జ్ దగ్గర నడుస్తోంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి, 30 అనే కనిపిస్తుంది.

కారణం ఇది. టైప్-సీ కేబుల్‌లో వేగంగా డేటా మోసే దారులు నాలుగే. హబ్ వాటిలో రెండు బొమ్మకి, రెండు యూఎస్‌బీకి పంచుతుంది. మీ ల్యాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 రకమైతే, ఆ రెండు దారుల్లో 4కె బొమ్మ సెకనుకి 30 సార్లే పడుతుంది. 1.4 రకమైతే అవే రెండు దారుల్లో 60 సార్లు పడుతుంది. అందుకే ఒకే హబ్ మీ దగ్గర 30, పక్కింటి వాళ్ల దగ్గర 60 ఇస్తుంది. పైగా చవక హబ్‌లలో లోపలి హెచ్‌డీఎంఐ చిప్ పాత 1.4 రకం (డిస్‌ప్లేపోర్ట్ 1.4 వేరు, ఇది వేరు), అది ఏ ల్యాప్‌టాప్‌తోనైనా 30 దాటదు.

కొన్ని హబ్‌లు నాలుగు దారులూ బొమ్మకే ఇచ్చి 60 తెప్పిస్తాయి. అప్పుడు వాటి యూఎస్‌బీ పోర్ట్‌లు పాత 2.0 వేగానికి, అంటే 480 మెగాబిట్లకి పడిపోతాయి. ఆ సంగతి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఎవరూ రాయరు. ఈలోగా తెర రిజల్యూషన్‌ని 2560x1440కి తగ్గిస్తే 60 వచ్చేస్తుంది. అక్షరాలు కాస్త మెత్తబడతాయి, కళ్లకి మాత్రం హాయి.

మ్యాక్‌బుక్‌కి రెండు మానిటర్లు పెట్టాను. రెండింట్లోనూ ఒకే బొమ్మ వస్తోంది. హబ్ పాడైందా?

పాడవలేదు. ఒకే వైరు మీద రెండు బొమ్మల్ని పంపే పద్ధతిని ఎంఎస్‌టీ అంటారు. విండోస్ దాన్ని వాడుకుంటుంది. మ్యాక్ వేర్వేరు తెరలుగా వాడుకోదు, ఒకే బొమ్మని రెండుచోట్లా చూపిస్తుంది. రెండు హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు హబ్‌లు ఎక్కువగా ఈ పద్ధతినే నమ్ముకుంటాయి. వాటిలో కొన్నిటి వివరాల్లో అట్టడుగున ఓ చుక్క గుర్తు పెట్టి ఆ ముక్క రాసి ఉంటుంది.

దీనికి తోడు చిప్ పరిమితి కూడా ఉంది. మామూలు ఎం1, ఎం2 మ్యాక్‌బుక్‌లు బయట ఒక్క మానిటర్‌నే నడుపుతాయి. ఎం3 ఎయిర్ మూత మూసి ఉంచితే రెండు నడుపుతుంది. ఎం4 నుంచి మూత తెరిచి ఉన్నా రెండు వస్తాయి. ప్రో చిప్ ఉన్నవాళ్లు థండర్‌బోల్ట్ డాక్ పెట్టుకోవచ్చు, లేదా రెండు మానిటర్లని రెండు పోర్ట్‌లకి విడివిడిగా కలుపుకోవచ్చు. మామూలు ఎం1, ఎం2 వాళ్లకి డిస్‌ప్లేలింక్ లాంటి పద్ధతే దారి.

65 వాట్ల ఛార్జర్‌ని హబ్‌కి పెడితే "స్లో ఛార్జర్" అంటోంది. నేరుగా పెడితే అనడం లేదు.

హబ్ తన తిండి తను తీసుకుని మిగిలింది ల్యాప్‌టాప్‌కి వడ్డిస్తుంది. సాధారణంగా 10 నుంచి 15 వాట్లు తనకోసం, తన పోర్ట్‌లకోసం పక్కన పెట్టుకుంటుంది. 65 పెడితే ల్యాప్‌టాప్‌కి చేరేది 50. "100 వాట్ల పీడీ" (పవర్ డెలివరీ) అని రాసినవి కూడా లోపలికి 100 తీసుకుని బయటికి 85 లేదా 90 ఇచ్చేవే. కేబుల్ కూడా ఒక కారణం కావచ్చు: లోపల గుర్తింపు చిప్ లేని టైప్-సీ కేబుల్ 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ వాళ్లయితే డాక్ ఛార్జింగ్ మీద ఆశ పెట్టుకోకండి. 180, 230 వాట్లు లాగే యంత్రానికి 90 ఇస్తే ఆట మధ్యలోనే బ్యాటరీ తరిగిపోతుంది. దాని ఇటుకలాంటి ఛార్జర్‌ని విడిగా పెట్టుకోవాల్సిందే.

మూత మూస్తే బయటి మానిటర్ కూడా ఆరిపోతోంది.

విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మూత మూస్తే "ఏమీ చేయవద్దు" అని పెట్టండి. మ్యాక్‌కైతే ఛార్జింగ్ అందుతూ ఉండాలి, బయటి కీబోర్డు, మౌస్ కలిపి ఉండాలి.

డాక్ ల్యాన్ పెడితే ఆఫీసు నెట్‌వర్క్ లోపలికి రానివ్వడం లేదు.

ఆఫీసు నెట్‌వర్క్ మనిషిని కాదు, మ్యాక్ అడ్రస్‌ని గుర్తుపడుతుంది. (ఇది ఆపిల్ మ్యాక్ కాదు, ప్రతి ల్యాన్ చిప్‌కీ ఉండే నంబర్.) డాక్‌లోని ల్యాన్ చిప్‌కి సొంత నంబర్ ఉంటుంది కాబట్టి గేటు దగ్గర కొత్త ముఖంలా కనిపిస్తుంది. కంపెనీల డాక్‌లలో ల్యాప్‌టాప్ నంబర్‌నే ముందుకి పంపే సదుపాయం ఉంటుంది, అయితే అది ఎక్కువగా అదే బ్రాండ్ ల్యాప్‌టాప్‌తోనే పనిచేస్తుంది. మీ ఐటీవాళ్లకి డాక్ అడుగున ఉన్న నంబర్ ఫొటో పంపండి, నమోదు చేస్తారు.

## రోజూ వాడుతున్నప్పుడు

హబ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. కాలిపోతుందా?

అల్యూమినియం హబ్ వేడిగా ఉండటం మామూలే. లోపలి వేడి బయటికి రావడానికే ఆ లోహపు ఒళ్లు. వీడియో, ఛార్జింగ్, ల్యాన్ మూడూ ఒకేసారి ఆ చిన్న డబ్బాలో నడుస్తుంటే, మన మే నెల ఎండలకి ఏసీ లేని గదిలో అది ఇంకా మండుతుంది. వేడి వల్ల బొమ్మ మినుకుమినుకుమనడం, ల్యాన్ తెగి కలవడం మొదలైతే మాత్రం హద్దు దాటినట్టే. పుస్తకాల కింద, పరుపు మీద పెట్టకండి. ఛార్జర్‌ని హబ్ నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, వేడి బాగా తగ్గుతుంది. ప్లాస్టిక్ వాసన వస్తే తీసి పారేయండి.

డాక్ పెట్టినప్పటి నుంచి వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది. మౌస్ మార్చినా అంతే.

మౌస్‌ది తప్పు కాదు. యూఎస్‌బీ 3.0 నడుస్తున్నప్పుడు దాని నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది. మీ మౌస్ రిసీవర్ మాట్లాడేది కూడా అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. ఇన్నేళ్లయినా చవక హబ్‌లకి సరైన కవచం వేయరు. రిసీవర్‌ని హబ్ నుంచి తీసి ల్యాప్‌టాప్ అవతలి వైపు పెట్టండి. అటు పోర్ట్ లేకపోతే అరమీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కొని రిసీవర్‌ని మౌస్ దగ్గరికి లాగండి. 2.4లో ఉన్న వైఫై కూడా ఇలాగే నీరసిస్తుంది, రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి మారితే కుదుటపడుతుంది.

హబ్‌ని, ల్యాప్‌టాప్‌ని ముట్టుకుంటే జివ్వుమంటోంది. షాక్ కొడుతుందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

లోహపు ఒళ్లున్న వస్తువుని రెండు పిన్నుల ఛార్జర్‌తో వాడితే ఇలా అవుతుంది. ఛార్జర్ లోపల విద్యుత్ రొదని అణచడానికి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా అతి కొద్ది కరెంటు లోహానికి చేరుతుంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే మీ వేళ్ల గుండా పోతుంది. చెప్పులు లేకుండా గచ్చు మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఇంకా బాగా తెలుస్తుంది. మంచి ఛార్జర్‌లో అది ప్రమాదమయ్యేంత ఉండదు. మూడు పిన్నుల ఛార్జర్ వాడండి. దానికీ జివ్వుమంటే గోడ సాకెట్‌లో ఎర్త్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో కన్నం ఉంటుంది కానీ వెనక వైరు ఉండదు. జివ్వుమనడం కాక గట్టిగా కొడితే మాత్రం వెంటనే స్విచ్ ఆపేయండి.

ఛార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉన్నాయో లేదో చూడండి. మన దేశంలో అమ్మే అడాప్టర్లకి ఆ నమోదు తప్పనిసరి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది కానీ మీటింగ్ తెగిపోతోంది.

డాక్‌కి బ్యాటరీ లేదు. కరెంటు పోయిన క్షణంలో మానిటర్, ల్యాన్, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ అన్నీ ఒకేసారి ఊడిపోతాయి. ఇన్వర్టర్ ఉన్నా, మామూలు మోడ్‌లో అది అందుకునేలోపు డాక్ ఆరి వెలుగుతుంది. మళ్లీ అన్నిటినీ గుర్తుపట్టేసరికి అవతల మేనేజర్ "హలో, ఆర్ యూ దేర్" అంటూ ఉంటాడు. డాక్‌లను రూపొందించినవాళ్ల ఊహలో కరెంటు పోవడం అనేదే లేదేమో అని నాకు అనుమానం.

ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, మారే సమయం తగ్గుతుంది. లేదంటే డాక్‌కీ రౌటర్‌కీ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి. రెండూ కుదరకపోతే వైఫైని ఆన్‌లోనే ఉంచండి, హెడ్‌సెట్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అప్పుడు కరెంటు పోతే తెర చిన్నదవుతుంది, మాట తెగదు. అయితే రౌటర్‌కి బ్యాకప్ ఉండాలి, లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోవాలి.

ఫైళ్లు కాపీ అవుతుండగా ఛార్జర్ పెడితే హార్డ్ డిస్క్ ఊడిపోయింది. ఎందుకు?

ఛార్జర్ పెట్టినా తీసినా హబ్, ల్యాప్‌టాప్ మళ్లీ మొదటి నుంచి బేరం మాట్లాడుకుంటాయి: ఎవరు ఎవరికి ఎన్ని వోల్టులు ఇవ్వాలి అని. ఆ బేరం తెగేలోపు చాలా హబ్‌లు తమ పోర్ట్‌లకి ఒక్క క్షణం కరెంటు ఆపేస్తాయి. మౌస్‌కి అది తెలియదు. రాస్తూ ఉన్న డిస్క్‌కి మాత్రం ఫైలు సగంలో తెగిపోతుంది, ఒక్కోసారి డిస్క్ మొత్తం "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. అడిగితే వద్దనండి, రికవరీ తెలిసినవాళ్లకి చూపించండి. ముందు ఛార్జర్ పెట్టి, ఆ తర్వాతే డిస్క్ పెట్టడం అలవాటు చేసుకోండి. పెళ్లి వీడియోల్లాంటివి కాపీ చేసేటప్పుడు హబ్ జోలికే పోకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకోండి.

వేగం ఎక్కువున్న ఎస్ఎస్‌డీ కొన్నాను, హబ్‌లో పెడితే నత్తనడక.

హబ్‌కి ఎన్ని పోర్ట్‌లున్నా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లే దారి ఒక్కటే. 5 గిగాబిట్ల హబ్‌లో ఎస్ఎస్‌డీ, ల్యాన్, కార్డ్ రీడర్ అన్నీ ఆ 5నే పంచుకుంటాయి. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉన్నా సెకనుకి 400 మెగాబైట్ల పైచిలుకు మాత్రమే వస్తుంది. కొన్ని హబ్‌లలో ఒక పోర్టే వేగమైనది, మిగతావి కీబోర్డు, మౌస్ కోసం పెట్టిన 2.0 పోర్ట్‌లు. నలుపు, నీలం రంగుల తేడా ఉంటే నీలంలో పెట్టి చూడండి.

300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. హబ్ ల్యాన్‌లో 95 దాటడం లేదు.

95 దగ్గర ఆగిందంటే ఎక్కడో 100 మెగాబిట్ల అడ్డు ఉంది. హబ్ వివరాల్లో "ల్యాన్" అని మాత్రమే ఉండి "గిగాబిట్" అన్న మాట లేకపోతే దోషం దానిదే. గిగాబిట్ అయినా ఇలాగే ఉంటే కేబుల్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి, నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు నాలుగే బిగించి వెళ్లిపోయి ఉండవచ్చు. పారదర్శకంగా ఉండే ఆ ప్లగ్‌ని వెలుతురులో పెట్టి రంగులు లెక్కపెట్టండి.

డాక్ పెట్టగానే కాల్‌లో ఎవరికీ నా మాట వినపడదు, వాళ్ల మాట నాకు వినపడదు.

డాక్‌లో ఆడియో జాక్ ఉంది, మానిటర్‌లోనూ స్పీకర్ ఉందని విండోస్ అనుకుంటుంది. కొత్తగా వచ్చినదాన్ని చూసి ధ్వనిని అటు తిప్పేస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో మానిటర్ పేరుతో ఉన్న స్పీకర్‌ని, వాడని డాక్ ఆడియోని డిసేబుల్ చేసేయండి, మళ్లీ ఇబ్బంది పెట్టవు. మీటింగ్ యాప్‌లో కూడా మైకు, స్పీకర్ విడిగా ఎంచుకోవాలి.

ఎప్పుడూ డాక్‌కే ఉంచితే బ్యాటరీ పాడవుతుందా?

నెమ్మదిగా అరుగుతుంది. నూరు శాతం నిండి, పైగా వేడిలో నెలల తరబడి కూర్చోవడం లిథియం బ్యాటరీకి పడదు. కొన్ని ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టేస్తాయి. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, దాన్ని పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ గట్టిపడినా, అడుగు భాగం టేబుల్ మీద ఊగినా వాడకం ఆపి సర్వీసుకి ఇవ్వండి.

## పాడైనప్పుడు, మార్చేటప్పుడు

ఆరు నెలలు కాలేదు, వైరుని ఒక కోణంలో వంచితేనే హబ్ పనిచేస్తోంది.

హబ్‌కి అతికించి ఉన్న ఆ జానెడు వైరే దాని ప్రాణం, దాని బలహీనత కూడా. ల్యాప్‌టాప్ ఎత్తులో, హబ్ గాలిలో వేలాడుతూ ఉంటే మెడ దగ్గర తీగలు తెగుతాయి. సన్నని తీగలు, పైగా ఎక్కువ వేగం మోసేవి, కాబట్టి అతుకు పెట్టించినా బొమ్మ సరిగ్గా రాదు. బాగుచేయించే ఖర్చుకి కొత్తదే వస్తుంది. ఈసారి రెండు వైపులా ఊడొచ్చే కేబుల్ ఉన్నది తీసుకోండి. కేబుల్ పోతే కేబులే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ స్టాండ్ వాడేవాళ్లు హబ్‌ని స్టాండ్‌కే డబుల్ టేప్‌తో అంటించేయండి.

డాక్ ఫర్మ్‌వేర్ (దాని లోపలుండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలా?

అన్నీ సజావుగా ఉంటే తొందర లేదు. నిద్రలోంచి లేచాక మానిటర్ రాకపోవడం లాంటి జబ్బులకి చాలాసార్లు అదే మందు. చాలా డాక్‌లకి అప్‌డేట్ సాధనం విండోస్‌లోనే దొరుకుతుంది, మ్యాక్ వాళ్లు స్నేహితుల ల్యాప్‌టాప్ అడగాల్సిందే. మధ్యలో కరెంటు పోతే డాక్ మళ్లీ లేవకపోవచ్చు, కాబట్టి యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి.

పాత ల్యాప్‌టాప్ డాక్ కొత్తదానికి వస్తుందా?

ల్యాప్‌టాప్‌ని పైన కూర్చోబెడితే కింద నుంచి కలిసే పాత రకం డాక్ అయితే రాదు. డెల్ ఈ-పోర్ట్, పాత థింక్‌ప్యాడ్ డాక్‌లు ఆ కోవలోవి, ఆ ల్యాప్‌టాప్‌లతోనే వాటి కాలం ముగిసింది. టైప్-సీ డాక్ అయితే వస్తుంది, కానీ బ్రాండ్ మారితే కొన్ని సౌకర్యాలు రాలిపోతాయి. ఉదాహరణకి 180 వాట్ల అడాప్టర్‌తో వచ్చే డెల్ డబ్ల్యూడీ19 సొంత బ్రాండ్ ల్యాప్‌టాప్‌లకి 130 వాట్ల దాకా ఇస్తుంది, బయటివాటికి 90 దగ్గర ఆగుతుంది. డాక్ మీది పవర్ బటన్ కూడా పరాయి ల్యాప్‌టాప్‌ని లేపకపోవచ్చు.

డాక్ లేకుండా గడవదా?

ఒక్క మానిటర్ చాలనుకుంటే గడుస్తుంది. టైప్-సీ ఉన్న మానిటర్లు వస్తున్నాయి: ఒక వైరుతో బొమ్మ అటు, ఛార్జింగ్ ఇటు. వెనక రెండు మూడు యూఎస్‌బీ పోర్ట్‌లూ ఉంటాయి. మానిటర్ ఎలాగూ కొనేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఛార్జింగ్ ఎన్ని వాట్లో మాత్రం చూసుకోండి, 15 వాట్లే ఇచ్చేవి కూడా ఉన్నాయి. అవి ల్యాప్‌టాప్‌కి చాలవు.

సెకండ్ హ్యాండ్ డాక్ కొనవచ్చా?

కొనవచ్చు. ఆఫీసులు ల్యాప్‌టాప్‌లు మార్చినప్పుడు మంచి డాక్‌లే సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లకి చేరతాయి. మీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లండి, అక్కడే మానిటర్‌కి కలిపి, ల్యాన్ దీపం వెలుగుతోందో లేదో చూసి, పెన్ డ్రైవ్‌ని ప్రతి పోర్ట్‌లోనూ పెట్టి చూడండి. టైప్-సీ కేబుల్‌ని మెడ దగ్గర కాస్త కదిపి బొమ్మ నిలుస్తోందా గమనించండి. డబ్బులిచ్చే ముందు అడాప్టర్ అడగండి. అడాప్టర్ లేని డాక్‌ని చవగ్గా అంటగడతారు, దానికి సరిపడే 130, 180 వాట్ల అసలు అడాప్టర్ విడిగా కొనాలంటే చవక కాస్తా అక్కడే ఆవిరైపోతుంది.